ఆల్బుమిన్ అంకెను గుడ్డిగా నమ్మితే

రక్తంలో ప్రోటీన్ ఎంతుందో చెప్పే ల్యాబు దాన్ని తూచి చెప్పదు. సీరంలో రంగు పుట్టించే రసాయనం కలిపి, కాంతిని పంపి, ఎంత కాంతి ఇంకిపోయిందో అనలైజర్‌లో చూస్తుంది. రంగు ముదిరిన కొద్దీ ప్రోటీన్ ఎక్కువని లెక్క. చౌక, వేగం ఉన్న పద్ధతి కాబట్టి పెద్దాసుపత్రుల నుంచి సందుచివరి డయాగ్నస్టిక్ సెంటర్ దాకా ఇదే నడుస్తోంది. పేచీ ఒక్కటే. యంత్రానికి కనిపించేది రంగు. అది దేనివల్ల వచ్చిందో దానికి తెలియదు.

మొత్తం ప్రోటీన్‌కు చేసే బైయూరెట్ పరీక్షలో 540 నానోమీటర్ల వద్ద రీడింగ్ తీస్తారు. కొవ్వుతో తెల్లబారిన సీరం కాంతిని చెదరగొడుతుంది. శాంపిల్ బ్లాంక్ (రంగు పుట్టించకుండా అదే సీరంతో తీసే పోలిక రీడింగ్) పెట్టకపోతే ఆ మసక కూడా ప్రోటీన్ ఖాతాలో పడుతుంది. అయితే దీన్ని అనుభవమున్న టెక్నీషియన్ ట్యూబును చూడగానే పసిగడతాడు.

రక్తంలోని ప్రధాన ప్రోటీన్ అయిన ఆల్బుమిన్ విషయంలో కంటికి ఏమీ కనిపించదు. విరివిగా వాడే రంగు రసాయనం బ్రోమోక్రెసాల్ గ్రీన్ (బీసీజీ) ఆల్బుమిన్‌నే కాక గ్లోబ్యులిన్లనే ఇతర ప్రోటీన్లలో కొన్నిటినీ పట్టుకుంటుంది, కాకపోతే కాస్త నెమ్మదిగా. రీడింగ్ ఆలస్యమైతే అంకె పెరుగుతుంది. ఆరోగ్యవంతుల్లో ఈ తేడా పెద్దగా లెక్కలోకి రాదు. మూత్రంలో ఆల్బుమిన్ పోయి, రక్తంలో కొన్ని గ్లోబ్యులిన్లు పెరిగిన నెఫ్రోటిక్ రోగుల్లోనే అంకె బాగా తప్పుతుంది. సరైన అంకె ఎవరికి ఎక్కువ అవసరమో వారికే అది దొరకడం లేదన్నమాట.

దీన్ని ల్యాబుల సాంకేతిక గొడవగా కొట్టిపారేయలేం. నెఫ్రోటిక్ స్థితికి దారితీసే కిడ్నీ జబ్బు మెంబ్రేనస్ నెఫ్రోపతీ ఉన్న రోగికి రక్తం గడ్డకట్టకుండా ముందే మందు ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయంలో ఆల్బుమిన్ కీలకం. బీసీజీతో కొలిస్తే డెసిలీటరుకు 2.5 గ్రాములను హద్దుగా చూడాలని, బ్రోమోక్రెసాల్ పర్పుల్ (బీసీపీ) వాడితే 2.0గా తీసుకోవాలని అంతర్జాతీయ కిడ్నీ వైద్య సంస్థ కేడీఐజీఓ 2021 నాటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంటే 2.3 అన్న అంకె ఒక ల్యాబులో ప్రమాద సూచిక, ఇంకో ల్యాబులో కాదు. రోగి మధ్యలో ల్యాబు మారి, అంకె అరగ్రాము పెరిగితే మందు పనిచేసిందని ఇంటిల్లిపాదీ సంబరపడతారు. మారింది రసాయనం మాత్రమే కావచ్చు. కాల్షియం రీడింగును ఆల్బుమిన్‌ను బట్టి సవరించే వైద్యుడి లెక్కా అక్కడే తప్పుతుంది.

మన దేశంలో ల్యాబుల నాణ్యతకు ఇచ్చే ఎన్‌ఏబీఎల్ గుర్తింపు స్వచ్ఛందం. ఆ గుర్తింపు ఉన్నా లేకున్నా, ఆల్బుమిన్ అంకె పక్కన ఏ రసాయనంతో కొలిచారో అచ్చువేయడం చట్టప్రకారం తప్పనిసరి కావాలి. దీనికి అయ్యే ఖర్చు ఒక సిరా గీత. రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు ఈ ఆదేశం ఇవ్వడానికి ఒక ప్రాణం పోయేదాకా ఆగనక్కర్లేదు. అప్పటిదాకా కిడ్నీ రోగులు వీలైనంతవరకు ఒకే ల్యాబులో పరీక్ష చేయించుకోవాలి; అంకె ఏ పద్ధతిదో అడిగి రాయించుకోవాలి.