ఒక పక్కే తాగుతోందా? బిడ్డ మెడ చూడండి!

బిడ్డ పుట్టి పది, పదిహేను రోజులవుతుంది. ఒక పక్క చక్కగా పాలు తాగుతుంది. రెండో పక్కకి మార్చారో లేదో ఏడుపు, గింజుకోవడం, చనుమొన వదిలేయడం! ఇంట్లో తీర్పు క్షణాల్లో వచ్చేస్తుంది. "ఆ పక్క పాలు సాల్తలేవు, డబ్బ పాలు పట్టు" అని. జగిత్యాల జిల్లా సారంగాపూర్ అయినా, కోరుట్ల అయినా, సిరిసిల్ల అయినా బాలింతలకు ఈ మాట కొత్త కాదు. కానీ లోపం తల్లి పాలలో లేకపోవచ్చు. బిడ్డ మెడలో ఉండొచ్చు.

మెడకీ పాలకీ సంబంధమేమిటి?

చెవి వెనుక నుంచి గొంతు కింద ఎముక వరకు మెడకు రెండు వైపులా ఒక్కో కండరం ఉంటుంది. కొందరు పిల్లల్లో వాటిలో ఒకటి బిగుసుకుని పొట్టిదవుతుంది. దీన్నే డాక్టర్లు టార్టికాలిస్ అంటారు. తల ఆ పక్కకి వాలిపోతుంది, గడ్డం రెండో పక్కకి తిరుగుతుంది. కొందరిలో రెండు మూడు వారాలకు మెడలో చిన్న గడ్డలా చేతికి తగులుతుంది.

అలాంటి బిడ్డకు ఒక పక్కకి తల తిప్పడమే కష్టం. దవడ కూడా కాస్త ఒరిగి ఉంటే నోరు నిండుగా తెరవలేదు, చనుమొన దగ్గర పట్టు దొరకదు. తల్లికి పుండ్లు పడతాయి. తాగని పక్క పాలు గడ్డకట్టి జ్వరం కూడా రావచ్చు. పాలు తాగేకొద్దీ ఊరతాయి. తాగకపోతే నిజంగానే తగ్గిపోతాయి. అలా మొదట అబద్ధమైన "పాలు సాల్తలేవు" అన్న మాట నెల తిరిగేసరికి నిజమై కూర్చుంటుంది!

ఇది తల్లి తప్పూ కాదు, దిష్టీ కాదు. గర్భంలో చోటు ఇరుకై మెడ ఒకే భంగిమలో ఉండిపోవడం, ఎదురుకాళ్లతో ఉండటం, కాన్పు కష్టం కావడం - ఇలాంటి కారణాలు చెబుతారు. తొలిచూలు పిల్లల్లో ఇది ఎక్కువ.

పట్టికలో లేని మెడ

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆస్పత్రుల్లోనే జరిగాయి. అయినా పుట్టిన గంటలోపు తల్లిపాలు అందినది నూటికి 37 మంది పిల్లలకే. ఆస్పత్రి గడప తొక్కినంత మాత్రాన పాలు పట్టడంలో సాయం దొరికినట్టు కాదన్నమాట.

ఇంటికొచ్చాక ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆరుసార్లు వచ్చి చూడాలి. బరువు తూచాలి, పాలు తాగుతోందో లేదో కనుక్కోవాలి. పుట్టుకతో వచ్చే లోపాలు పట్టుకోవడానికి 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. దాని జాతీయ పట్టికలో వంకర పాదాలున్నాయి, తుంటి కీలు జారడం ఉంది. ఎముకలు, కండరాలకు పుట్టుకతో వచ్చే లోపాల్లో ఆ రెండింటి తర్వాత మూడో స్థానం మెడ వంకరదే అంటారు వైద్యులు. కానీ దాని పేరు అందులో లేదు.

డబ్బా పాల ప్రకటనలను 1992 చట్టం నిషేధించింది. ఏటా ఆగస్టు 1 నుంచి 7 వరకు తల్లిపాల వారోత్సవాలు జరుగుతున్నాయి. అన్నీ మంచివే. కానీ "పాలు పట్టండి" అని చెప్పేవాళ్లే గానీ, "బిడ్డ ఎందుకు తాగడం లేదో చూద్దాం" అనేవాళ్లు ఎందరున్నారు?

ఆలస్యం ఖరీదు

చికిత్సకు పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. ఫిజియోథెరపిస్టు మెడ కండరాన్ని మెల్లగా సాగదీసే పద్ధతి నేర్పుతారు. రోజూ ఇంట్లో తల్లే చేయాలి. నెల లోపు మొదలుపెడితే దాదాపు పిల్లలందరికీ నెలన్నరలో మెడ మామూలుగా తిరుగుతుందని 2018 నాటి అమెరికా ఫిజియోథెరపీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆరు నెలలు దాటాక మొదలుపెడితే 9, 10 నెలలు పడుతుంది. ఆలస్యమైతే తల ఒక పక్క చదునవుతుంది. కొద్దిమందికి ఆపరేషన్ దాకా వెళ్తుంది.

బీడీలు చుట్టి కుటుంబాన్ని నడిపే తల్లికి పది నెలలు జగిత్యాలకు తిరగడమంటే ఎన్ని రోజుల కూలి పోతుందో లెక్క వేయండి. 42 రోజుల్లోపు దొరికితే అంత తిరుగుడు ఉండదు. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. అక్కడిదాకా వెళ్లమని సమయానికి చెప్పే మనిషే కావాలి.

మీరేం చేయాలి?

బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి చూడండి. తల ఎప్పుడూ ఒకే పక్కకి వాలుతోందా? మీ గొంతు విని రెండు వైపులా తిరుగుతోందా? అనుమానమొస్తే వెంటనే పిల్లల డాక్టరుకు చూపించండి. తుంటి కీలు కూడా చూడమని అడగండి.

పాలు మాత్రం మానకండి. సులువుగా తాగే పక్క మొదలుపెట్టి, బిడ్డను అటూ ఇటూ తిప్పకుండా అదే భంగిమలో రెండో రొమ్ము దగ్గరికి జరపండి. అప్పుడు బిడ్డ ఒళ్లు మీ చంక కింద ఉంటుంది. తాగకపోతే పాలు చేత్తో పిండి, శుభ్రమైన ఉగ్గుగిన్నెతో పట్టండి. మెలకువగా ఉన్నప్పుడు కాసేపు మీ కళ్లెదుటే బోర్లా పడుకోబెట్టండి. నిద్ర మాత్రం వెల్లకిలానే.

లాలపోసేటప్పుడు మెడ నులమడం, తల పట్టుకుని లాగడం వద్దని పెద్దవాళ్లకి నచ్చజెప్పండి. రోజుకు ఆరుసార్లయినా మూత్రం పోయకపోయినా, బరువు పెరగకపోయినా ఆగకండి. బాగున్న మెడ ఉన్నట్టుండి వంకరపోయి జ్వరం, వాంతులు, మగత ఉంటే అది వేరే జబ్బు. వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి.

పట్టికలో ఒక వరుస చేరిస్తే, ఆశాకు ఒక గంట శిక్షణ ఇస్తే ప్రభుత్వానికి పోయేదేమీ లేదు. గ్రామ సమాఖ్యలు, మహిళా సంఘాలు మండల ఆరోగ్య అధికారులను ఈ మాట అడగాలి. అంతవరకు మన ఇళ్లలోనైనా "నీకు పాలు లేవు" అనే ముందు ఒక్కసారి బిడ్డ మెడ చూద్దాం.