తొలి గుక్క ఎవరు పోశారు?

తెలంగాణ పల్లెల్లో దావత్ అయితే పదేళ్ల పిల్లవాడి చేతికి కల్లు గ్లాసు అందడం వింతేమీ కాదు. ‘కల్లే కదా, చలువ చేస్తది’ అంటారు పెద్దలు. పట్నంలో చదువుకున్న తండ్రులది ఇంకో మాట: ‘బయట దొంగచాటుగా తాగేకంటే నా ముందే ఓ గుక్క తాగనీ, హద్దు తెలుస్తుంది.’ రెండూ ప్రేమతో అనేవే.

ఆ రెండో మాట ఎంతవరకు నిలుస్తుందో ఆస్ట్రేలియా పరిశోధకులు పరీక్షించారు. 1,927 మంది పిల్లలను పన్నెండు, పదమూడేళ్ల ప్రాయం నుంచి ఆరేళ్లపాటు గమనించి, 2018లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. అమ్మానాన్నలు పోసిన మద్యం పిల్లలకు ఏ రక్షణా ఇవ్వలేదు. పైగా అలాంటి పిల్లలు మరుసటి ఏడాదికల్లా బయట కూడా మద్యం సంపాదించుకోవడం ఎక్కువైంది. హద్దు నేర్పుతుందనుకున్న గుక్క తలుపు తెరిచింది.

అమెరికాలో 1990ల తొలినాళ్లలో జరిగిన జాతీయ సర్వేలో పదిహేనేళ్లలోపే తాగడం మొదలుపెట్టిన వారిలో సుమారు 40 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మద్యానికి బానిసలయ్యారు. ఇరవై దాటాక మొదలుపెట్టిన వారిలో అది 10 శాతమే. ఇందులో తప్పంతా ఆ తొలి వయసుదే అనలేం. తాగుబోతు ఇంట్లో పుట్టిన బిడ్డకు గ్లాసు తొందరగా అందుతుంది. వారసత్వం, ఇంటి గొడవలు, బాల్యపు గాయాలు కూడా వెంట వస్తాయి. అయితే ఆవేశానికి పగ్గం వేసే మెదడు భాగం పాతికేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. ఆ పగ్గం బిగియకముందే మత్తు అలవాటైతే ఇరవై రెండేళ్ల కుర్రాడికి ‘ఇక చాలు’ అనుకోవడం కష్టమే.

మన దగ్గర చట్టం 21 ఏళ్లు నిండనిదే మద్యం అమ్మకూడదంటోంది. కానీ నాన్నకు క్వార్టర్ తెమ్మని పంపిన పిల్లవాడిని బెల్టు షాపులో వయసు అడిగేదెవరు? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన మగవారిలో 43 శాతం మంది తాగుతారు. ఇన్ని ఇళ్లలో సీసా కనబడుతున్నప్పుడు పిల్లలు దాన్ని పెద్దరికానికి గుర్తు అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాపై తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ రెండోది సడలిపోయింది. ఆ పోరాటాన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ గౌరవమే. ఇంట్లో పెద్దలే చేతికిచ్చే గ్లాసు మాత్రం ఏ నిషేధానికీ అందేది కాదు.

ఐస్‌లాండ్ ఆ గ్లాసు దగ్గరికే వెళ్లింది. 1998లో అక్కడ 15–16 ఏళ్ల పిల్లల్లో 42 శాతం మంది గడిచిన నెలలో ఒక్కసారైనా మత్తులో మునిగినవారే. 2016 నాటికి అది 5 శాతానికి దిగింది. పిల్లలకు మద్యం కొనిపెట్టబోమని తల్లిదండ్రులు రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. చలికాలంలో 13–16 ఏళ్లవాళ్లు రాత్రి పదిలోపు ఇంట్లో ఉండాలని చట్టం పెట్టారు. రేక్యావిక్ నగరం ఆటలకు, సంగీతానికి పిల్లల పేర ఏటా డబ్బు ఇచ్చింది. అంత సొమ్ము మన పంచాయతీల దగ్గర లేకపోవచ్చు. కానీ సాయంత్రం తాళం పడే బడి మైదానాన్ని ఎనిమిది గంటల దాకా తెరిచి, ఒక లైటు, ఒక వాలీబాల్ నెట్టు పెట్టడం ఏ సర్పంచ్‌కైనా వీలయ్యే పనే.