వామాకు బజ్జీలతోనే సరిపెట్టకండి

దేశభక్తి గేయంలో తిండికీ కండకీ ముడిపెట్టిన గురజాడను తలుచుకుని ఈ వారం ఒక ఆకు గురించి రాస్తున్నాను.

నూతి చప్టా వారనో, ఓటికుండలోనో వామాకు కొమ్మ తుంచి గుచ్చితే చాలు, బతికేస్తుంది. ఇంత తేలిగ్గా వచ్చే మొక్కని ముసురు పట్టినప్పుడు బజ్జీలకి తప్ప తలుచుకోకపోవడం నాకు బాధగానే ఉంది.

గుప్పెడు ఆకులు కడిగి, తడి ఆరాక చెంచాడు నూనెలో మగ్గనివ్వండి. నూగుతో దళసరిగా ఉండే ఆకు కాసేపట్లోనే నీరు వదిలి మెత్తబడుతుంది. పసరు వాసన పోయి ఘాటు నిలుస్తుంది. పచ్చిమిర్చి, జీలకర్ర, కాస్త కొబ్బరితో నూరి చిలికిన పెరుగులో కలిపి ఇంగువ పోపు పెట్టండి. పెరుగు పడనివాళ్లు చింతపండు, చిన్న అనకాపల్లి బెల్లం ముక్క వేసి నూరుకోవచ్చు. వేడన్నంలోకి నా ఓటు ఈ రెండోదానికే. చారు దింపేముందు రెండాకులు తుంచి వేసినా బాగుంటుంది.

ఈ ఆకు తులసి, పుదీనాల కుటుంబానిది. పోపులపెట్టెలోని వాము వేరే మొక్క గింజ. రెండింటిలోనూ థైమాల్ ఉండబట్టే వాసన కలిసింది. ఇండోనేషియాలో, సుమత్రా దీవి బటక్ ప్రజలు బాలింతలకు పాలు పడాలని ఈ ఆకుతోనే పులుసు కాచి పెడతారు.

ఇక మందు సంగతి. రొంప పట్టిన పిల్లలకి ఆకు సెగన వాడ్చి, రసం పిండి, తేనెలో రంగరించి నాకించడం మన ఇళ్లలో ఉన్నదే. గొంతుకి హాయిగా ఉంటుంది, కాదనను. కానీ ఏడాది నిండని బిడ్డకి తేనె చుక్క కూడా పెట్టకూడదు. అందులో ఉండగల బ్యాక్టీరియా వల్ల బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు రావచ్చు. బిడ్డ డొక్కలెగరేస్తుంటే న్యుమోనియా కావచ్చు. అప్పుడు ఆకు కోసం పెరట్లోకి వెళ్లకండి, ఆసుపత్రికి పరుగెత్తండి. పెద్దవాళ్లకి దగ్గు రెండు వారాలు దాటినా కషాయాలతో కాలక్షేపం చేయొద్దు. ప్రభుత్వాసుపత్రిలో క్షయ పరీక్షా, మందులూ ఉచితమే.

అంగన్‌వాడీ టీచర్లకి నా మనవి: కేంద్రం ఆవరణలో ఒక వామాకు కొమ్మ నాటండి. తల్లులు వచ్చినప్పుడు పచ్చడి ఎలా చేయాలో చెబుతూ, తేనె సంగతి కూడా తప్పకుండా చెప్పండి.