ఇసుక మూటా, తలుపూ

పెళ్లి సంబంధాల విషయంలో మమ్మల్ని సలహా అడగడం కద్దు. బ్యాంకు కాగితాల విషయంలో అడగడం మరీ కద్దు. కాని కారు ఇంజనులోకి ఎంత గాలి పోవాలో చెప్పమని మా దగ్గరికి ఎవరైనా వస్తారని కలలోనైనా అనుకోలేదు. పోయిన నెల చింతామణి నుంచి మా అక్క కొడుకు వచ్చాడు. జేబులోంచి బొటనవేలంత ఇత్తడి మర తీసి బల్లమీద పెట్టాడు.

"మామా, దీన్ని బిగించడానికి నాయన ఒప్పుకోవడం లేదు. నువ్వొక మాట చెప్పు" అన్నాడు.

ఆ కారు వాడు నిరుడు పాతది కొన్నాడు. టర్బో ఉన్న పెట్రోలు కారు. అప్పుకు జామీను సంతకం మాది. కనుక ఆ ఇత్తడి ముక్కకూ మాకూ సంబంధం లేదనడానికి వీలు లేదు.

టర్బో అంటే ఏమిటో వాడే చెప్పాడు. ఇంజను వదిలే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండవ కొసన ఉన్న చక్రం బయటి గాలిని అదిమి ఇంజనులోకి నెడుతుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ కాల్చవచ్చు, బలం పెరుగుతుంది. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషీ 1905లోనే దీనికి పేటెంటు పొందాడు. 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ అనే ఆయన విమానపు ఇంజనుకు టర్బో తగిలించి, పైక్స్ పీక్ అనే కొండమీదికి తీసుకుపోయి పరీక్షించాడు. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడుతుంది కదా! మన నంది కొండ 1,478 మీటర్లు. అక్కడి గాలి ఒత్తిడి సముద్రతీరంలో కంటె సుమారు ఆరో వంతు తక్కువ. మామూలు కారు అక్కడ ఆయాసపడుతుంది. టర్బో కారు అంతగా పడదు.

అయితే ఈ చక్రానికి అదుపు లేకపోతే ఇంజను బ్రతకదు. అందుకని పొగ దారిలో ఒక చిన్న తలుపు పెడతారు. దానిని వేస్ట్‌గేటు అంటారు. అదిమిన గాలిలో కొంత ఒక సన్నని గొట్టంగుండా వచ్చి, స్ప్రింగు వెనుక ఉన్న రబ్బరు పొరను నెడుతుంది. ఒత్తిడి ఒక హద్దు చేరగానే తలుపు తెరుచుకొని, మిగిలిన పొగ చక్రాన్ని ముట్టకుండా పక్కదారిన పోతుంది.

ఇది వినగానే మాకు చెరువు మరవ గుర్తు వచ్చింది. ఆఫీసులో కోడి అంటాము, ఇంట్లో మరవ అంటాము; నీళ్లకు రెండు భాషలూ ఒకటే. 2021 కార్తీకంలో మన జిల్లా చెరువులు మరవ పారడం అందరమూ చూశాము.

"మరి ఈ ఇత్తడి మర ఏం చేస్తుంది?" అని అడిగాము.

"ఆ సన్నని గొట్టంలో గాలిని కొంచెం బయటికి వదిలేస్తుంది మామా. తలుపుకు అసలు ఒత్తిడి తెలియదు. ఆలస్యంగా తెరుచుకుంటుంది."

అనగా మరవమీద ఇసుక మూట! మా తాతగారి ఊళ్లో ఒక ఏడు ఇంకో తడికి నీళ్లు నిలుస్తాయని రాత్రికి రాత్రి మూటలు పేర్చారు. మూటలు నిలిచాయి, కట్ట నిలవలేదు. కింది మళ్లు ఇసుక మేట వేశాయి.

ఆ కథ చెప్తే మావాడు తక్కువవాడా! "మన ముద్దేనహళ్లి విశ్వేశ్వరయ్యగారు కూడా నీళ్లు ఎక్కువ నిలపలేదా?" అన్నాడు. నిజమే. 1903లో పూనా దగ్గర ఖడక్‌వాస్లాలో ఆయన స్వయంగా తెరుచుకొనే తలుపులు పెట్టించి, ఆనకట్ట ఎత్తు పెంచకుండానే నీటి మట్టం పెంచారు. కాని ఆయన ముందు కట్ట ఎంత మోయగలదో లెక్క కట్టారు. హద్దు దాటితే తలుపు తనంతట తానే తెరుచుకొనే ఏర్పాటు చేశారు. ఎక్కువ కోరడం తప్పు కాదు. లెక్క లేకుండా కోరడం తప్పు. ఈ మాట మీద ఇద్దరమూ ఏకమయ్యాము.

లెక్క కోసం బాగేపల్లిలో హైవే పక్కన షెడ్డు పెట్టుకున్న ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాము. ఆయన ఇత్తడి మరను తిప్పి తిప్పి చూసి, "దీని పని పాతకాలపు బండ్లలో. నీ బండిలో కంప్యూటరే ఒక కరెంటు వాల్వుతో ఈ తలుపును ఆడిస్తోంది. ఒక ఇంటికి ఇద్దరు యజమానులైతే ఎట్లా? ఒత్తిడి హద్దు మీరితే కంప్యూటరు బలమంతా కోసేస్తుంది. అది కోయకపోతే నాకింగు వచ్చి పిస్టను పోతుంది. పెట్రోలెంత, నిప్పురవ్వ ఎప్పుడు అన్న లెక్క మార్చకుండా గాలి ఒక్కటే పెంచకూడదు" అన్నాడు. కొత్త డీజిలు బండ్లలో చాలావాటికి ఈ తలుపే ఉండదట. చక్రం చుట్టూ కదిలే రెక్కలుంటాయట. వాటికి ఈ మర పనికే రాదు.

తరువాత ఒత్తిడి చూసే మీటరు తగిలించి రోడ్డు మీదికి తీశాడు. పన్నెండు పౌన్లు ఉండవలసిన చోట ఎనిమిది దాటలేదు. వెదికితే గాలి పోయే రబ్బరు గొట్టం అడుగున చీలి ఉన్నది! మావాడికి బండి నీరసంగా తోచింది అందుకే. ఆ చీలిక తెలియక మర బిగించి ఉంటే, తరువాత ఎవరో గొట్టం మార్చిన రోజున ఒత్తిడి ఒక్కసారిగా హద్దు దాటిపోయేది.

నిజంగా కావాలనుకొనే కుర్రవాళ్లు మన ఇళ్లలో ఇంకా ఉంటారు గనుక ఆయన చెప్పినది వ్రాస్తున్నాము. ముందు మీటరు, తరువాతే మర. గాలి వదిలే రకం చౌక, కాని వేడిమీ చలీ మారితే ఒత్తిడి కూడా మారుతుంది. గోలీ, స్ప్రింగు ఉన్న రకం కొంత మేలు. కరెంటుతో నడిచే రకం ఖరీదు. హద్దు దాటితే తానే తగ్గించే ఏర్పాటు ఉన్నదే కొనాలి. అదీ పందెపు మైదానంలో తిరిగే బండికే.

రోడ్డు మీది బండికి చట్టం వేరే ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను మార్పులకు హద్దు పెట్టింది. 2019 సవరణతో మారిన 182-ఎ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గాని, మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని. "ఆర్.సి.లో గాలి ఒత్తిడి వ్రాసి లేదు కదా" అన్నాడు మావాడు. ఇరవై ఏళ్లు ఫైళ్లు చూసినవాళ్లము; అటువంటి వాదం బల్లకు ఇవతల కూర్చున్నప్పుడు ఎంత బాగుంటుందో, అవతల నిలబడినప్పుడు ఎంత బలహీనమో మాకు తెలుసు. చెప్పకుండా మార్పు చేసిన బండికి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు పేచీ పెడతారు. అప్పుడు బ్యాంకువాళ్లు వచ్చేది మా ఇంటికి.

గొట్టం మార్చాక తిరుగు దారిలో బండి బాగా లాగింది. మావాడు చాలాసేపు మాట్లాడలేదు. చిక్కబళ్ళాపురం చేరాక, "అప్పు తీరాక చూద్దాం మామా" అన్నాడు.

ఆ ఇత్తడి మర ఇప్పుడు మా బల్లమీద కాగితాలు ఎగరకుండా బరువుగా ఉన్నది. అప్పుకు జామీను మేము; అంతదాకా మాకు జామీను అది.