పిల్లల ఆసుపత్రికి గోడమీది బొమ్మలు చాలునా?

పసిబిడ్డకు జబ్బు చేసినప్పుడు తల్లిదండ్రులు మొదట విచారించేది వైద్యుని హస్తవాసిని గురించి. అది సహజమే. కాని వైద్యుని చేయి బిడ్డపై పడుటకు ముందే ఆయన గది బిడ్డపై పని చేయనారంభిస్తుంది. ఇరుకు వరండా, గాలాడని గది, ఘాటైన మందుల వాసన, లోపలినుండి వినవచ్చే మరొక బిడ్డ ఏడుపు. వీటికి బెదిరి గుక్కపట్టి ఏడ్చే బిడ్డ ఊపిరి చప్పుడు ఎంతటి నిపుణునికైనా సరిగా వినరాదు. పొట్ట బిగబట్టిన బిడ్డకు కడుపు నొక్కి చూచుట కుదరదు. కనుక పిల్లల వైద్యశాలను పిల్లలకు అనువుగా తీర్చుట అలంకారము కాదు, చికిత్సలో భాగమే.

ఈ సంగతి పట్టణములలోని వైద్యులు చాలామంది గుర్తించినారు. సంతోషమే. అయితే వారు చేస్తున్నదేమి? గోడలనిండా కార్టూను బొమ్మలు వేయించి, మూలనొక ప్లాస్టిక్ జారుడుబల్ల పెట్టి, కిటికీలు మూసి ఏసీ బిగించి, అంతటితో పిల్లల ఆసుపత్రి సిద్ధమైనదని తృప్తిపడుచున్నారు. ఈ పద్ధతి నాకు సమ్మతము కాదు. ఇది పెద్దల కంటికి చేసిన ముస్తాబు.

చరకసంహిత శారీరస్థానము 8వ అధ్యాయములో 'కుమారాగారము' అను పేర పిల్లల గదిని గురించి ప్రత్యేకముగా చెప్పబడినది. వాస్తువిద్య తెలిసినవాడు దానిని కట్టవలెనట. గది అందముగా ఉండవలెను, చీకటిగా ఉండరాదు. ఈదురుగాలి కొట్టరాదు గాని ఒకవైపునుండి గాలి ఆడుచుండవలెను. జంతువులు, ఎలుకలు, పురుగులు చొరరాదు. నీటికి, స్నానమునకు, మలమూత్ర విసర్జనకు వేరువేరు ఏర్పాట్లుండవలెను. పడక ఋతువుకు తగినట్లుండవలెను. ఇవన్నీ చెప్పిన పిమ్మటనే ఆటవస్తువుల ప్రస్తావన వచ్చినది. అవి రంగురంగులుగా, చప్పుడు చేసేవిగా, తేలికగా ఉండవలెను. మొన తేలినవి, నోటిలో దూరేవి, భయము గొలిపేవి పనికిరావు. నేడు బొమ్మల పెట్టెలపై అచ్చువేసే హెచ్చరికలకు ఇందులో లోటేమున్నది?

ఇది ఇంటిలోని గది సంగతి గదా, వైద్యశాల సంగతి కాదే అని కొందరనవచ్చును. సూత్రస్థానము 15వ అధ్యాయములో చికిత్సాగృహ వర్ణన కూడ ఉన్నది. పొగ, ఎండ, నీరు, దుమ్ము చొరని గట్టి ఇల్లు కావలెననియు, పరిచారకులలో పాటలు పాడగలవారు, కథలు చెప్పగలవారు ఉండవలెననియు అందులో కలదు. పొగ చొరరాదన్న మాటను మన ఆయుర్వేద వైద్యులు కూడ చెవిని పెట్టుట మంచిది. పిల్లలు కూర్చుండే గదిలో సాంబ్రాణి పొగ కమ్ముకొనియుండుట చూచుచున్నాము. ఉబ్బసమున్న బిడ్డకు ఆ పొగ మేలు చేయదు.

అన్నిటికంటె ముఖ్యమైనది గాలి. బొమ్మల మోజులో మరుగున పడినది కూడ ఇదే. తట్టు సోకిన బిడ్డ గదినుండి వెళ్ళిపోయిన తరువాత సైతము, ఆ వైరస్ 2 గంటలవరకు గాలిలో నిలిచియుండగలదు. మన దేశములో తట్టుకు మొదటి టీకా 9 నెలలు నిండిన తరువాతనే వేయుదురు. 14 వారాల టీకా కొరకు వచ్చిన పసికందుకు ఆ రక్షణ ఇంకను లేదు. ఆ బిడ్డను ఒంటినిండా దద్దురులతో, జ్వరముతో ఉన్న మరొక బిడ్డ ప్రక్కన, తలుపులు బిగించిన చల్లని గదిలో గంటసేపు కూర్చుండబెట్టుచున్నాము. ఆరోగ్యము కొరకు పోయి జబ్బును ఇంటికి తెచ్చుకొనుట అనగా ఇదే. టీకాల బిడ్డలకు వేరొక వేళ కేటాయించుట, జ్వరము, దద్దురులు ఉన్నవారిని ఆరుబయట వరండాలో కూర్చుండబెట్టుట, ఎదురెదురుగా రెండు కిటికీలు తెరచియుంచుట, వీటికి పెద్ద ఖర్చేమున్నది? కిటికీ వలన మరొక లాభము కూడ ఉన్నది. అమెరికాలో పిత్తాశయ శస్త్రచికిత్స చేయించుకొన్న 46 మంది విషయమై 1984లో ఒక పరిశీలన వెలువడినది. కిటికీనుండి చెట్లు కనిపించినవారు, ఇటుకగోడ మాత్రమే కనిపించినవారికంటె త్వరగా ఇంటికి వెళ్ళినారు, నొప్పికి ఘాటైన మందులు కూడ తక్కువగా వాడినారు. వారు పెద్దలే, అయినను పిల్లలకు చెట్టుమీది ఉడుతను మించిన బొమ్మ ఏ గోడమీద దొరకును?

బొమ్మలు వేయించదలచినవారు రెండు సంగతులు గమనించవలెను. 2008లో ఇంగ్లండులోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయమువారు 4 నుండి 16 ఏండ్ల పిల్లలను 250 మందికి పైగా ఆసుపత్రి అలంకరణ గురించి అడుగగా, పెద్దలు ముచ్చటపడి వేయించే బఫూన్ బొమ్మలు తమకు నచ్చవనిరి. కొందరికి భయము కూడ కలిగినదట. ఇక రంగుల మాట. మన దేశములో ఇంటి రంగులలో సీసము 90 పీపీఎంకు మించరాదని 2016లో నిబంధన చేసి, 2017 నవంబరునుండి అమలుచేసినారు. అంతకు ముందటి పాత రంగు పెచ్చులూడుచున్న గోడలు ఇంకను ఎన్నియో ఉన్నవి. ఆ పెచ్చులు పిల్లల నోటిలోనికి పోవును.

గోడల సంగతి వచ్చినది కనుక మరొకటి. శిశువుల పాలపొడి ప్రకటనలు వైద్యశాలలలో కట్టరాదని 1992 నాటి చట్టము నిషేధించినది. ఆ స్థలములో తల్లి చాటుగా కూర్చుండి పాలిచ్చుటకు ఒక తెర కట్టిన ఎంత బాగుండును!

పరీక్ష గదిలో నాకు అన్నిటికంటె కంటగింపుగా తోచేది ఆ ఎత్తైన బల్ల. తల్లి చేతిలోనుండి బిడ్డను లాగి, చల్లని రెగ్జిను పరుపుపై వెల్లకిల పరుండబెట్టి, ఇద్దరు పట్టుకొని సూది వేయుట ఎంత క్రూరము! టీకా వేయునప్పుడు బిడ్డను తల్లి ఒడిలో ఉంచవలెనని, చంటిబిడ్డకు పాలిచ్చుచుండగా వేయుట మేలని, పెద్దపిల్లలను పరుండబెట్టక కూర్చుండబెట్టవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించినది. దీనికి కావలసినది చేతులున్న ఒక కుర్చీ మాత్రమే. వైద్యుడు ఒక చిన్న పీటపై కూర్చుండిన చాలును, ఆయన ముఖము బిడ్డ ముఖమునకు ఎదురుగా వచ్చును. శ్వాస, గుండె మొదట విని, గొంతు, చెవి చివర చూచిన పిల్లలు అంతగా మొరాయించరు.

అయితే తప్పంతయు వైద్యునిదే యనుట న్యాయము కాదు. "అన్నము తినకపోతే డాక్టరుగారితో సూది వేయిస్తాను" అనని ఇల్లు మనలో ఎన్ని? ఏడ్చుచున్న బిడ్డను, తిననని మారాము చేయు బిడ్డను రాక్షసుల, పిశాచముల పేర్లు చెప్పి బెదిరింపరాదని చరకుడు ఆ 8వ అధ్యాయముననే ఆటవస్తువుల వెంటనే చెప్పినాడు. మనము పిశాచమునకు బదులు వైద్యుని పేరు చేర్చినాము. ఇంటివద్ద రోజుకు మూడు పూటలు పిశాచముగా పరిచయమైన మనిషి, ఎన్ని కుందేలు బొమ్మల నడుమ కూర్చుండినను బిడ్డ కంటికి పిశాచముగానే కనిపించును.

బజారులో మడిగె బాడుగకు తీసుకొన్న చిన్న వైద్యునికి ఇవన్నీ సాధ్యమా అని అడుగవచ్చును. ఒక కిటికీ తెరచుటకు, కుర్చీ మార్చుటకు, బయట రెండు బల్లలు వేయుటకు మడిగె చాలును. ఈసారి బిడ్డను తీసుకొని పోయినప్పుడు, "నా ఒడిలోనే ఉంచుకొంటాను, ఇక్కడే సూది వేయండి" అని ఆయనతో మర్యాదగా చెప్పి చూడండి. చాలామంది వైద్యులు కాదనరు. డబ్బు మిగిలిన యెడల కుందేళ్ళను తరువాత వేయించుకొనవచ్చును.