కుదురులేని పిల్లవానికి బెత్తము వైద్యము కాదు

మండపేట మిల్లుల వీధులలోనైనను, ఆలమూరు, రామచంద్రపురము దారుల వెంటనున్న ఊళ్లలోనైనను, పట్టుమని పది నిమిషములు ఒకచోట కూర్చుండలేని పిల్లవానిని, లెక్క సగములో విడిచి కిటికీవంక చూచుచుండు పిల్లను, కాదన్న మాత్రమున దుఃఖమునకో క్రోధమునకో లోనై గంటల తరబడి తేరుకొనలేని బాలుని, మనము పెంపకపు లోపమునకో పొగరునకో దృష్టాంతములుగా నెంచి, తల్లిని నిందించి, బిడ్డను దండించి, అంతటితో మన కర్తవ్యము తీరినదని భావించుచున్నాము. ఈ భావన సరికాదు, క్రూరము కూడ.

ఒక పనిపై మనస్సును నిలుపుటకును, తొందరను అణచుకొనుటకును ఆధారమైన లలాటభాగపు నాడీకణముల నడుమ సాగు సందేశములను డోపమైన్, నారడ్రినలిన్ అను రసాయనములు క్రమపరచుచుండును. ఏడీహెచ్‌డీ అని వైద్యులు పేర్కొను స్థితిలో ఈ సందేశముల నడక భిన్నముగా నుండునని అనేక పరిశోధనలు సూచించుచున్నవి. 1937లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో చార్లెస్ బ్రాడ్లీ అను వైద్యుడు బెంజిడ్రిన్ అను ఉత్తేజకౌషధమును ముప్పదిమంది పిల్లలకు ఇచ్చి చూడగా, మరింత చెలరేగుదురనుకొన్నవారిలో దాదాపు సగముమంది నెమ్మదించి చదువుపై దృష్టి నిలిపిరి. 2007లో ఫిలిప్ షా అను పరిశోధకుని బృందము మెదడు చిత్రములను పోల్చి, మెదడు పైపొరయగు మేధోవల్కలములో సగము భాగము తన గరిష్ఠమైన మందమును ఇతర బాలలలో సుమారు 7.5 ఏండ్లకు పొందగా, ఏడీహెచ్‌డీ గల బాలలలో 10.5 ఏండ్లకు గాని పొందలేదని తెలిపినది. మూడేండ్లు ఆలస్యముగా పక్వమగుచున్న మెదడును బెత్తముతో త్వరపెట్టగల ఉపాధ్యాయుడెవడు?

అయితే, రసాయనము తప్పినదని ఒక్క మాటలో తేల్చివేయుటయు నాకు సమ్మతము కాదు. బిడ్డ మెదడులో డోపమైన్ ఎంత యున్నదో చెప్పి రోగమును నిర్ణయించు రక్తపరీక్ష నేటికిని లేదు. బాలల విషాదమునకు సెరటోనిన్ అను రసాయనపు కొరతయే మూలమను సిద్ధాంతమును వాస్తవమునకు మించిన సరళీకరణమే. ఇంటను, బడిలోను బిడ్డ నడవడిని ఓపికగా గమనించుటయే నిర్ణయమునకు మార్గము. అంతకుముందు చూపును, వినికిడిని, నిద్రను, విశేషించి రక్తహీనతను పరీక్షింపవలెను. ఏలయన శరీరము డోపమైన్‌ను తయారుచేసికొనుటకు ఇనుము ఆవశ్యకము. బడిలో వారమునకొకమారు ఇచ్చు ఇనుము మాత్రను పిల్లలు కిటికీలోనుండి పారవేయుచుండగా చూచియు చూడనట్లుండు పెద్దలు ఈ సంగతి నెరుగవలెను. తెల్లవారుజామున లేపి, రాత్రి పదింటిదాక ట్యూషన్లలో కూర్చుండబెట్టిన బిడ్డకు ఏకాగ్రత లేదని వాపోవుట న్యాయమా?

విద్యాహక్కు చట్టము, 2009, పదునేడవ సెక్షను శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించినది. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము కనిపెట్టవలసిన స్థితులలో ఏకాగ్రతాలోపమును కూడ చేర్చినది. కాని బడికి వచ్చిన ఆ కార్యక్రమపు వైద్యబృందము పళ్లను, కళ్లను చూచి వెడలిపోవునపుడు, ఈ పిల్లవాని సంగతియు చూడుడని చెప్పవలసినవారు మాస్టారే. ఔషధము కావలెనో, శిక్షణ చాలునో నిర్ణయించుట వైద్యుని పని. దాని కొరకు పేదతల్లి కూలి మానుకొని కాకినాడ పెద్దాసుపత్రికి పలుమార్లు తిరుగవలసిన అగత్యముండరాదు. మండపేటవంటి పట్టణముల ప్రభుత్వాసుపత్రులలో వారమున కొక్క దినమైనను బాలల మానసిక వైద్యుని కూర్చుండబెట్టవలెను. అంతవరకు 14416 అను టెలీ మానస్ మానసికారోగ్య సహాయవాణి సంఖ్యను ప్రతి బడి గోడమీదను, తల్లులు నిలుచుండు గేటు ప్రక్కన, పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను.