మోకాళ్ల కోసం సైకిలు: షాక్ అబ్జార్బర్లు కాదు, సీటు ఎత్తు చూడండి

అరవై దాటాక సైకిలు తొక్కాలనుకోవడం మంచి ఆలోచనే. శరీర భారంలో ఎక్కువ భాగాన్ని సీటు మోస్తుంది గనుక మోకాళ్లపై ఒత్తిడి నడకలో కన్నా తక్కువ. అయితే ముందూ వెనుకా సస్పెన్షన్ ఉన్న ఖరీదైన మౌంటెన్ బైకు కొన్నంత మాత్రాన మోకాళ్ల నొప్పి తగ్గుతుందనుకోకండి.

సస్పెన్షన్ కుదుపులను తగ్గిస్తుంది. దానివల్ల మేలు కలిగేది ముఖ్యంగా నడుముకు, మెడకు, మణికట్లకు. మోకాలి క్షేమం సీటు ఎత్తుపైన, గేర్లపైన ఆధారపడి ఉంటుంది. పెడల్ పూర్తిగా కిందికి చేరినప్పుడు మోకాలు 25 నుంచి 35 డిగ్రీలు వంగి ఉండాలి. సీటు మరీ కిందికి ఉంటే మోకాలిచిప్ప వెనుక ఒత్తిడి పెరుగుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు తేలికైన గేరులో తొక్కాలి.

సాలూరు నుంచి బొబ్బిలి వైపు తారురోడ్డుపై తిరిగేవారికి వెడల్పు టైర్ల మామూలు సైకిలు చాలు. పాచిపెంట వైపు కొండల్లో, రాళ్లూ గోతులూ ఉన్న మట్టిబాటల్లో తరచూ తిరిగేవారికే రెండు వైపులా సస్పెన్షన్ ఉపయోగం. వారికైనా 100 నుంచి 120 మిల్లీమీటర్ల కదలిక సరిపోతుంది. అంతకు మించితే బరువూ ఖర్చూ పెరుగుతాయి. మీరు కూర్చున్నప్పుడు ఆ కదలికలో సుమారు పావు వంతు కుంగేటట్లు దుకాణంలోనే సరిచేయించుకోండి.

అన్నిటికన్నా ముందు, కాలు సులువుగా దాటించి ఎక్కగలరో, దిగగలరో చూసుకోండి. ఈ వయసులో కుదుపు కన్నా పడిపోవడమే పెద్ద ప్రమాదం; తుంటి ఎముక విరిగితే మంచాన పడవలసి వస్తుంది. సైకిలు ఎముకలకు పెద్దగా బలమివ్వదు గనుక రోజూ కొంత నడక కూడా మానవద్దు.